తడి కావాలి, మునక వద్దు: ఆర్కిడ్ కుండీ వెనక రెండు వందల ఏళ్ల కథ

మన చరిత్ర ఎపిసోడ్లలో ఈసారి రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక పూలకుండీ ఉంది.

తిరుపతిలోనో బెంగళూరులోనో నర్సరీకి వెళ్లినప్పుడు ఆర్కిడ్ మొక్క కనిపిస్తుంది. వెడల్పు ఆకులు, పొడుగు కాడ, దాని మీద సీతాకోకచిలుకలు వాలినట్టు పూలు. దాని పేరు ఫెలెనాప్సిస్. ముచ్చటపడి కొనుక్కొస్తాం. రెండు నెలలు ఇల్లంతా దాని అందమే. తర్వాత పూలు రాలిపోతాయి, ఆకులు ముడతలు పడతాయి. ఇంట్లో అవ్వ చూసి "నీళ్లు పోయలేదా ఏమి?" అంటుంది. సరే అని ఇంకో చెంబు పోస్తాం. పదిహేను రోజుల్లో మొక్క కుళ్లిపోతుంది.

అదే పొరపాటు ఒకప్పుడు ప్రపంచంలోనే డబ్బున్న తోటల్లో, చదువుకున్న తోటమాలుల చేతుల్లో, దశాబ్దాల పాటు జరిగింది. వేల మొక్కలు ఓడల్లో వచ్చి గాజుగదుల్లో చచ్చిపోయాయి. ఎందుకు చచ్చాయో వాళ్లకి అర్థమయ్యేలోపు ఇక్కడ కొండలు కొండలే ఖాళీ అయ్యాయి. ఆ కథ తెలిస్తే కుండీ ఎలా మార్చాలో, నీళ్లు ఎప్పుడు పోయాలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మీకే తెలిసిపోతుంది.

సామర్లకోట నుంచి మొదలుపెడదాం

విలియం రాక్స్‌బర్గ్ అని ఒక స్కాట్లాండ్ డాక్టరు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1776లో మద్రాసు వచ్చాడు. 1781 నుంచి గోదావరి పక్క సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేశాడు, చుట్టుపక్కల మొక్కలన్నీ పరిశీలించాడు, మన చిత్రకారులని పెట్టుకుని వాటి బొమ్మలు వేయించాడు. తెలుగువాళ్లు ఏ మొక్కని ఏమంటారో అడిగి ఆ పేర్లు కూడా రాసుకున్నాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్లిపోయాడు.

ఆయన పుస్తకం పేరు 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్'. కోరమాండల్ అంటే మన తూర్పు తీరమే. మొదటి సంపుటం 1795లో లండన్‌లో మొదలైంది. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. మొదటి సంపుటంలో 42, 43, 44 నంబరు బొమ్మలు చూడండి. మూడూ చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లే. అందులో 42వ బొమ్మ మొక్కని ఈరోజు వాండా టెస్సెలేటా అంటారు. గోధుమరంగు గళ్లు పడ్డ పూలు, గట్టి ఆకులు, గాలిలోకి వేలాడే లావు వేళ్లు.

'వాండా' అనే మాట మన సంస్కృతంలోది. 'వందా' అంటే చెట్టు మీద పెరిగే మొక్క. కలకత్తాలో ఉన్న సర్ విలియం జోన్స్ ఆ మాట పట్టుకున్నాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ దాన్నే ఒక ఆర్కిడ్ జాతి పేరుగా అచ్చు వేయించాడు. ఈరోజు థాయిలాండ్‌లో అమ్మినా, అమెరికాలో అమ్మినా వాండా వాండానే.

తెలుగులో చెట్టు మీద మొలిచేదాన్ని బదనిక అంటాం. ఐరాల చుట్టూ మామిడి తోపులున్నవాళ్లకి ఈ మాట తెలిసే ఉంటుంది. రైతుకి బదనిక అంటే పడదు. కొమ్మలోకి వేరు దించి రసం పీల్చేస్తుంది కాబట్టి కనిపిస్తే నరికేస్తాడు. అది నిజమే. కానీ ఆర్కిడ్ అలాంటిది కాదు. అది చెట్టు మీద కూర్చుంటుంది అంతే, చెట్టు నుంచి ఒక్క చుక్క తాగదు. అద్దెకున్నవాళ్లు ఇంటాయన వంటింట్లోకి రానట్టు. వాన నీళ్లు, మంచు, బెరడు మీద పేరుకున్న ఆకు దుమ్ము, వీటితోనే బతికేస్తుంది.

మరి వాన పడని రోజుల్లో? కిటుకంతా వేరులో ఉంది. ఆ వేరు చుట్టూ తెల్లటి స్పాంజి లాంటి పొర ఉంటుంది. దాన్ని వెలమెన్ అంటారు. వాన పడగానే నీళ్లు పీల్చుకుని లోపలికి ఇస్తుంది. తర్వాత ఆరిపోతుంది, గాలి ఆడుతుంది. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం. ఈ వేరుకి రెండూ కావాలి. ఎప్పుడూ తడిగానే ఉంటే లోపల గాలి అందక కుళ్లిపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇక కథలోకి వెళ్దాం.

ఆవిరి గదుల్లో చావులు

రాక్స్‌బర్గ్ లాంటివాళ్ల బొమ్మలు, ఓడల్లో వచ్చిన మొక్కలు చూసి ఇంగ్లండ్‌లో పెద్దింటివాళ్లకి ఆర్కిడ్ పిచ్చి పట్టింది. తోటమాలులు ఏమనుకున్నారంటే, ఇవి వేడి దేశాల మొక్కలు, వానలు పడే అడవుల మొక్కలు, కాబట్టి వేడి, తడి ఎంత ఇస్తే అంత మంచిది. గాజుగది కట్టారు. తోళ్లు పదును చేసే దగ్గర వాడి పారేసిన బెరడు పొడిని గుంతలో పోస్తే అది పులిసి వేడి పుట్టిస్తుంది. కుండీలో మట్టి గట్టిగా కూరి, ఆర్కిడ్ నాటి, ఆ కుండీని ఆ వేడి బెరడులో పాతారు. కిటికీలు మూసేశారు. లోపల ఆవిరి.

ఫలితం మీరు ఊహించగలరు. వేళ్లు కుళ్లాయి. అరుదుగా ఒకటీ అరా పూసింది, మిగతావన్నీ పోయాయి. అయినా ఆపలేదు. చచ్చినవాటి చోట్లోకి ఇంకో ఓడ నిండా మొక్కలు తెప్పించారు. 1830లో జాన్ లిండ్లీ అనే పెద్ద శాస్త్రవేత్త కూడా బాగా వేడి, బాగా తేమ, నీడ కావాలని చెప్పాడు. అంత పెద్దాయన చెప్పాక ఇంకెవరు కాదంటారు?

దారి వేరే ఉందని ముందే చూసినవాడు సర్ జోసెఫ్ బ్యాంక్స్. రాక్స్‌బర్గ్ పుస్తకాన్ని దగ్గరుండి అచ్చు వేయించిన మనిషి ఈయనే. లండన్ దగ్గర తన తోటలో ఆర్కిడ్లని కుండీలో కాకుండా తేలికపాటి పుల్లల బుట్టల్లో, నాచు పరిచి పెంచాడు. బుట్టలో నీళ్లు నిలవవు, చుట్టూ గాలి. ఇవాళ మన నర్సరీల్లో వాండాని చెక్క బుట్టలో వేలాడదీసి అమ్ముతారు చూడండి, అది ఈ పాత ఆలోచనే.

పాక్స్టన్ చల్లిన కళ్లాపి

మలుపు తిప్పినవాడు జోసెఫ్ పాక్స్టన్. డెవన్‌షైర్ ఆరో డ్యూక్ గారి చాట్స్‌వర్త్ తోటలో ప్రధాన తోటమాలి. తర్వాత 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ డిజైన్ చేసింది కూడా ఈయనే. పాక్స్టన్ ఒక మామూలు ప్రశ్న వేసుకున్నాడు: ఈ మొక్కలన్నీ ఒకే చోటు నుంచి వచ్చాయా? కొన్ని కొండ మీద చల్లటి చోట, కొన్ని కింద వేడి అడవిలో పెరిగినవి కదా? అన్నిటినీ ఒకే ఆవిరిలో ఎందుకు ఉడకబెడుతున్నాం?

అందుకని వేడిని బట్టి వేరువేరు గదులు పెట్టాడు. కిటికీలు తెరిపించి గాలి ఆడనిచ్చాడు. అన్నిటికన్నా తెలివైన పని ఏంటంటే, నీళ్లని కుండీలో కుమ్మరించకుండా గదిలో నేల మీద, నడిచే దారుల మీద చల్లించాడు. నేల తడి ఆవిరై గాలిలో తేమ అవుతుంది. వేరు మాత్రం మునగదు.

ఇది వింటే మనకి నవ్వొస్తుంది. ఎందుకంటే ఎండాకాలం సాయంత్రం మన ఇళ్లల్లో వాకిట్లో నీళ్లు చల్లేది ఇందుకే కదా. కళ్లాపి చల్లితే గాలి చల్లబడుతుందని మన అవ్వలకి ఎప్పటి నుంచో తెలుసు. ఆ పని కుండీ పక్కన చేస్తే ఆర్కిడ్ పెంపకం అవుతుంది.

"తేమ ఇష్టపడే మొక్క" అంటే అర్థం ఇదే. గాలిలో తేమ ఇష్టం. కుండీలో నిలవ నీళ్లు ఇష్టమని కాదు. ఆ తేడా తెలియకే వేల మొక్కలు పోయాయి.

కొండలు ఖాళీ అయిన కాలం

బతికించడం తెలిశాక ఏం జరగాలి? తక్కువ మొక్కలు తెచ్చుకుంటే చాలు కదా. కానీ జరిగింది తిరకాసు. బతుకుతాయని తెలిసేసరికి ఇంకా ఎక్కువ తెప్పించారు.

పాక్స్టన్ దగ్గర పనిచేసే జాన్ గిబ్సన్ అనే కుర్ర తోటమాలి 1835లో ఇండియాకి బయల్దేరాడు. ఖాసీ కొండల్లో, అంటే ఇవాళ్టి మేఘాలయలో, చిరపుంజి చుట్టుపక్కల సేకరించి 1837లో తిరిగి వెళ్లాడు. అదే 1837లో అదే కొండల్లో విలియం గ్రిఫిత్ ఒక నీలి ఆర్కిడ్‌ని చూశాడు. వాండా సెరూలియా, నీలి వాండా. నిజమైన నీలిరంగుకి అంత దగ్గరగా ఉండే ఆర్కిడ్లు చాలా తక్కువ.

1850లో జోసెఫ్ హుకర్ అక్కడికి వెళ్లాడు. ఈయన తర్వాత క్యూ గార్డెన్స్ డైరెక్టరు. నీలి వాండాని ఏడుగురు కూలీలు మోసేంత సేకరించి క్యూకి పంపించాడు. ప్రాణాలతో చేరినవి కొన్నే. ఆ పక్కనే ఇంకొకాయన తన తోటమాలిని పంపి ఒక మనిషి మోసేంత తెప్పించుకున్నాడు. ఇంగ్లండ్‌లో అమ్మితే 300 పౌండ్లు వచ్చాయి, ఒక్కో మొక్క 3 నుంచి 10 పౌండ్లు పలికింది. ఈ లెక్క హుకర్ తన 'హిమాలయన్ జర్నల్స్' పుస్తకంలో తనే రాశాడు. ఆ రోజుల ఉత్తరంలో ఇంకో మాట కూడా చెప్పాడు. సేకరించేవాళ్ల ధాటికి ఖాసీ దారులు బోడి అయిపోతున్నాయని, గాలివాన వచ్చి విరగ్గొట్టినట్టు మైళ్ల కొద్దీ కొమ్మలూ ఆర్కిడ్లూ రోడ్డు మీద కుళ్లుతున్నాయని, కలకత్తా తోట మనుషులు ఒక్కసారే 1000 బుట్టలు దింపారని. తను కూడా ఆ గుంపులో ఒకడే అని ఆయనకి తెలియకపోలేదు.

ఇంకో చోట ఇంకా ఘోరం. కొలంబియా అడవుల్లో ఆల్బర్ట్ మిల్లికన్ అనే ఆయన రెండు నెలల్లో సుమారు 10,000 ఆర్కిడ్లు తీశాడు. చెట్టెక్కడం కష్టమని చెట్లే కొట్టించాడు, దాదాపు 4,000 చెట్లు. 1891లో వచ్చిన తన పుస్తకంలో దాచుకోకుండా రాసుకున్నాడు.

పూలేమో వాళ్ల గాజుగదుల్లో పూశాయి. బోడి కొండలు మాత్రం ఇక్కడ మిగిలాయి.

గోవిందు పేరు ఏమైంది?

ఇక్కడ మనవాళ్ల కథ ఒకటి చెప్పాలి. రాబర్ట్ వైట్ అని ఇంకో స్కాట్లాండ్ డాక్టరు, మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేశాడు. 1838 నుంచి 1853 వరకు ఆరు సంపుటాల్లో దక్షిణాది మొక్కల బొమ్మలు అచ్చువేశాడు. రెండు వేలకు పైగా బొమ్మలు. వాటిలో చాలావాటి వెనక ఇద్దరు చిత్రకారులున్నారు. ముందు రంగయ్య, తర్వాత గోవిందు. పేర్లు వింటేనే మన పక్కింటి పేర్లలా ఉన్నాయి కదా. వాళ్లు వేసిన అసలు బొమ్మలు ఇవాళ ఎడిన్‌బరోలో, క్యూలో భద్రంగా ఉన్నాయి.

అప్పటి పుస్తకాల్లో మన చిత్రకారుల పేర్లు రాయడం అరుదు. రాక్స్‌బర్గ్ పుస్తకంలో ఆ 42వ బొమ్మ ఎవరు వేశారో పేరు లేదు. వైట్ మాత్రం పేర్లు రాశాడు. అంతే కాదు, 1853లో ఒక ఆర్కిడ్ జాతికి ఏకంగా 'గోవిందూయియా' అని పేరు పెట్టాడు. చిత్రకారుడికి అంతకన్నా గౌరవం ఏముంటుంది? అది తడి అడవిలో, చెట్ల నీడలో, నేల మీద ఆకుల కుళ్లులో పెరిగే ఆర్కిడ్. మనం మాట్లాడుకునే తేమ ఇష్టపడే మొక్కల్లో నిజమైనది.

కానీ ఆ పేరు నిలవలేదు. మొక్కల పేర్లలో ముందు ఎవరు పెట్టారో ఆ పేరే చెల్లుతుంది. అదే జాతికి లిండ్లీ 1833లోనే 'ట్రోపీడియా' అని పెట్టి ఉన్నాడు. అందుకని గోవిందు పేరు పాత పేర్ల పట్టికలోకి వెళ్లిపోయింది. ఎవరూ కావాలని తీసేయలేదు, రూల్ అలా ఉంది. అయినా ఆర్కిడ్ గురించి మాట్లాడుకునేటప్పుడు హుకర్ పేరు, పాక్స్టన్ పేరు వస్తే, గోవిందు పేరు కూడా మన నోట రావాలి. పూవు లోపలి భాగాలు గీత గీతగా విప్పి చూపించింది ఆయన చెయ్యే.

సీసాలో మొలిచిన విత్తనం

మరి ఇంత దోపిడీ తర్వాత మన నర్సరీలో ఆర్కిడ్ ఇంత చవగ్గా ఎలా దొరుకుతోంది? దానికి కారణం ల్యాబ్.

ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది. లోపల తిండి ఉండదు. వేరుశనగ విత్తనంలో మొలకకి కావాల్సిన పప్పు ఉంటుంది కదా, దీనికి అది లేదు. అడవిలో ఒక బూజు వచ్చి దానికి అన్నం పెట్టాలి. ఈ సంగతి ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్డ్ 1899లో కనిపెట్టాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు లేకుండానే, పంచదార కలిపిన జెల్లీలో సీసాల్లో మొలకెత్తించాడు. 1960లో జార్జ్ మోరెల్ ఒక్క చిగురు ముక్క నుంచి అచ్చం అలాంటి మొక్కలు ఎన్నో చేసే దారి చూపించాడు. ఇవాళ మీరు కొనే ఫెలెనాప్సిస్ అలా సీసాలో పుట్టిందే. దాని కోసం ఏ చెట్టూ కొట్టలేదు.

చట్టం కూడా వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో చేసిన సవరణలో ఆరు రకాల మొక్కలకి ప్రత్యేక రక్షణ ఇచ్చారు. అందులో ఒకటి ఖాసీ కొండల నీలి వాండా. ఇంకొకటి ఏంటో తెలుసా? మన శేషాచలం కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని బెడ్డోమ్ సైకస్, ఈతచెట్టు పిల్లలా కనిపించే మొక్క. మేఘాలయ వానల మొక్క, తిరుపతి ఎండల మొక్క ఒకే జాబితాలో పక్కపక్కన ఉన్నాయి.

ఇప్పుడు ఐరాలలో కుండీ మారుద్దాం

కథ తెలిసింది కాబట్టి పని తేలిక. మన సమస్య ఇంగ్లండ్ వాళ్లకి తిరగేసి ఉంటుంది. వాళ్లకి చలి, మనకి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బాహుదా నది ఇసుకలా ఉంటుంది, గాలి కొలిమిలా ఉంటుంది. కాబట్టి గాలిలో తేమ మనమే తయారు చేయాలి.

ఎప్పుడు మార్చాలి? పూలన్నీ రాలాక, కొత్త వేరు కొసలు పచ్చగా కనిపిస్తున్నప్పుడు. రెండేళ్లకోసారి చాలు. కానీ లోపల వేసిన నాచో బెరడో మెత్తగా కుళ్లి వాసన వస్తే ఆగొద్దు. నడి వేసవిలో మాత్రం వద్దు, వానలు మొదలయ్యాక మంచిది.

మొక్కని నెమ్మదిగా బయటికి తీయండి. పాత నాచంతా వేళ్ల మధ్య నుంచి తీసేయండి. వేరుని వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మంచిది. మెత్తగా, గోధుమరంగులో, నొక్కితే తొక్క ఊడిపోతే అది పోయినట్టే. కత్తెరని మంట మీద కాల్చి, చల్లారాక ఆ వేళ్లు కోసేయండి. తెల్లగా ఎండినట్టు కనిపించే గట్టి వేరుని కోయొద్దు. అది చావలేదు, ఆరింది అంతే. నీళ్లు తగిలితే పచ్చబడుతుంది.

కొత్త కుండీ పాతదానికన్నా కొంచెమే పెద్దది. చుట్టూ రంధ్రాలుండాలి. మట్టి వద్దే వద్దు. బొగ్గు ముక్కలు, చెట్టు బెరడు ముక్కలు, టెంకాయ పీచు ముక్కలు కలిపి వేయండి. టెంకాయ పీచుని ముందు రెండు మూడు సార్లు నీళ్లల్లో నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, ఉప్పు పోతుంది. పాశ్చాత్య దేశాల్లో ఆస్మండా అనే ఫెర్న్ వేళ్లు దశాబ్దాల పాటు వాడి, అవి దొరకడం కష్టమయ్యాక 1950లలో ఫర్ చెట్టు బెరడుకి మారారు. మనకి ఆ బాధ లేదు, టెంకాయ ఇంట్లోనే ఉంది. మొక్క మెడ, అంటే ఆకులు మొదలయ్యే చోటు, పైకి కనిపించేలా నాటండి. నాటాక మూడు నాలుగు రోజులు నీళ్లు పోయకుండా నీడలో ఉంచండి, కోసిన చోట్లు మానుతాయి.

తర్వాత నీళ్లు పొద్దున పూటే. వేళ్లు వెండిరంగులోకి వచ్చాక పోయండి, పచ్చగా ఉంటే ఆగండి. ఆకుల మధ్య గుంతలో నీళ్లు నిలిస్తే దూదితో తీసేయండి, రాత్రంతా ఉంటే అక్కడే కుళ్లు మొదలవుతుంది. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పు నీళ్లు. వేళ్ల మీద తెల్ల పొర కడతాయి. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే ఇంతకన్నా మంచిది లేదు. ఎండాకాలం కుండీ కింద పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పోయండి. కుండీ రాళ్ల మీద ఉండాలి, నీళ్లల్లో కాదు. చుట్టూ నేల మీద కళ్లాపి చల్లండి. తూర్పు పక్క కిటికీ, పొద్దుటి లేత ఎండ చాలు.

గోవిందు గీసినలాంటి నేల ఆర్కిడ్లకి లెక్క కొంచెం వేరు. నర్సరీల్లో ముదురు ఆకుల మీద ఎర్ర గీతలతో జ్యువెల్ ఆర్కిడ్ అని అమ్ముతారు. దీనికి బాగా మాగిన ఆకు ఎరువు, టెంకాయ పీచు కలిపి వేయాలి. పూర్తిగా ఎండనివ్వకూడదు, ముంచనూ కూడదు. ఎండ అస్సలు వద్దు.

చివరగా ఒక్క మాట. ఈసారి మామిడి తోపుకి పోయినప్పుడు కొమ్మ మీద గట్టి ఆకులతో, గాలిలో వేలాడే తెల్లటి వేళ్లతో ఏదైనా కనిపిస్తే, బదనిక అని కొడవలి ఎత్తేముందు ఆగి చూడండి. వేరు కొమ్మ లోపలికి దిగిందా, పైన పట్టుకుని ఉందా? పట్టుకుని ఉంటే దానివల్ల మీ చెట్టుకి నష్టం లేదు. పీకి ఇంటికి తెచ్చుకోవద్దు కూడా. సీసాలో పుట్టినవి నర్సరీలో దొరుకుతున్నాయి. దాన్ని అక్కడే ఉండనివ్వండి, ఎలా తడుస్తోందో, ఎంతసేపట్లో ఆరుతోందో చూడండి. ఇంగ్లండ్ తోటమాలులు చాలా ఏళ్లు, చాలా మొక్కలు పోగొట్టుకుని నేర్చుకున్నది మీకు ఒక్క వానాకాలంలో తెలుస్తుంది.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.